మామ్మ డే సెంటర్, నాకు దొరికిన నాలుగు మాటలు

డే సెంటర్‌ని తెలుగులో ఏమంటారు? నిఘంటువులో వెతికితే నాకు "వృద్ధాశ్రమం" దొరికింది. అది కాదు. వృద్ధాశ్రమం అంటే పెద్దవాళ్ళు అక్కడే ఉండిపోయే చోటు. డే సెంటర్ అంటే పొద్దున్న వెళ్ళి, అక్కడ భోంచేసి, సాయంత్రం ఇంటికి వచ్చేసే చోటు.

ఈ తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ మా ఇంట్లో దీని మీద పెద్ద గొడవ అయింది. కాకినాడ నుంచి మా అత్త ఫోన్ చేసి, "అమ్మని ఆశ్రమంలో పెట్టారటగా?" అని ఏడ్చింది. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "బడి లాంటిది అక్కా. పొద్దున్న వ్యాన్ వస్తుంది, సాయంత్రం మళ్ళీ ఇంటి దగ్గర దింపుతుంది" అన్నారు. నాకు ఆ పోలిక నచ్చింది. అమ్మకి నచ్చలేదు. "ఆవిడ చిన్నపిల్లా బడికి వెళ్ళడానికి?" అంది.

కొత్తగా చదివేవాళ్ళకి మా సంగతి కొంచెం చెప్తాను. మేము ఇంగ్లండ్‌లో, మిడ్‌లాండ్స్‌లో ఉంటాం. తాతగారు 1960ల చివర్లో డాక్టరుగా ఇక్కడికి వచ్చారు. మామ్మ తరవాత వచ్చింది. (గోదావరి జిల్లాల్లో చాలామంది నాన్న వాళ్ళ అమ్మని మామ్మ అంటారు. పుస్తకాల్లో నాయనమ్మ అని ఉంటుంది.) మామ్మకి ఇప్పుడు 84 ఏళ్ళు. ఐదేళ్ళుగా డిమెన్షియా ఉంది. ఒకప్పుడు ఇంగ్లీషు చక్కగా మాట్లాడేది, లైబ్రరీలో ఉద్యోగం కూడా చేసింది. జబ్బు ముదిరేకొద్దీ ఇంగ్లీషు జారిపోయింది. తెలుగు మిగిలింది. రెండు భాషలు వచ్చినవాళ్ళలో ఇలా జరగడం మామూలేనని డాక్టరు చెప్పారు. చిన్నప్పటి భాష ఎక్కువ కాలం నిలుస్తుందట. నేను తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టింది అందుకే.

ఈసారి నాలుగు మాటల గురించి రాస్తున్నాను. నాలుగూ మామ్మ డే సెంటర్ వల్ల నాకు దొరికినవే.

మొదటి మాట: దొడ్డి

మామ్మ మొదట వెళ్ళిన డే సెంటర్ పేరు చెప్పను. పెద్ద భవనం, శుభ్రమైన గదులు. పనిచేసేవాళ్ళు మంచివాళ్ళే. ప్రతిరోజూ ఒక నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి మామ్మ సంచీలో పెట్టి పంపేవారు. ఒక నెలంతా ఆ పుస్తకంలో ఒకే సంగతి మళ్ళీ మళ్ళీ వచ్చింది. "భోజనం తరవాత కుదురుగా లేరు. లేచి తలుపు వైపు వెళ్తున్నారు. వాళ్ళ డాడీ కోసం అడుగుతున్నారు. నచ్చజెప్పి కూర్చోబెట్టాం."

డాడీ? మామ్మ వాళ్ళ నాన్నని ఎప్పుడూ డాడీ అనలేదు. నాన్నగారూ అనేదట. అమ్మ ఆ పుస్తకం చదివి, ఒక్క నిమిషం ఆలోచించి, తల పట్టుకుంది. మామ్మ అడిగింది డాడీని కాదు. "దొడ్డికి" అంటోంది.

నా పాఠ్యపుస్తకంలో "మరుగుదొడ్డి" అని ఉంది. ఫోన్‌లో నేర్చుకున్న పాఠంలో "బాత్‌రూమ్" అని ఉంది. "దొడ్డికి వెళ్ళాలి" ఎక్కడా లేదు. దొడ్డి అంటే ఇంటి వెనక ఖాళీ జాగా. పశువుల్ని కట్టేసే చోటుని కూడా దొడ్డి అంటారు. పాత రోజుల్లో మరుగుదొడ్డి ఇంటి లోపల ఉండేది కాదు, వెనక దొడ్డివైపు ఉండేది. అందుకే మామ్మ వయసువాళ్ళు దొడ్డికి వెళ్ళాలి అంటారు. మామ్మ లేచి తలుపు వైపు నడిచేది కూడా అందుకేనేమో. ఆవిడ చిన్నప్పటి ఇంట్లో దానికి బయటికే వెళ్ళాలి.

డిమెన్షియా ఉన్నవాళ్ళు చనిపోయిన అమ్మానాన్నల కోసం అడగడం నిజంగా జరుగుతుంది. కాబట్టి వాళ్ళు అలా అనుకోవడంలో వింత లేదు. కానీ నెల రోజులు ఒక మనిషి ఒకే మాట అంటుంటే, ఇంటికి ఫోన్ చేసి ఆ మాటేమిటని అడగొచ్చు కదా. ఆ నెలలో మూడుసార్లు మామ్మ బట్టలు మార్చి పంపారు. జీవితమంతా ఇస్త్రీ మడత నలగకుండా చీర కట్టుకున్న మనిషి ఆవిడ. తరవాతి వారం వ్యాన్ వచ్చినప్పుడు గుమ్మం పట్టుకుని వదల్లేదు.

రెండో మాట: కాలక్షేపం

కాలం అంటే టైమ్ అని మీకు తెలుసు. కాలక్షేపం అంటే టైమ్ గడపడం. "ఏదో కాలక్షేపం" అంటే పెద్ద ప్రయోజనం లేకపోయినా రోజు గడిచిపోతోందని అర్థం.

బ్రిటన్‌లో ఈ కథకి ఒక చరిత్ర ఉంది. 1948 నాటి నేషనల్ అసిస్టెన్స్ చట్టాన్ని 1962లో సవరించి, వృద్ధులకి భోజనం, కాలక్షేపం ఏర్పాటు చేసే అధికారం స్థానిక కౌన్సిళ్ళకి ఇచ్చారు. అరవై ఏళ్ళు దాటినా కొన్ని చోట్ల ఇంకా ఆ రెండే ఉన్నాయి. మామ్మ మొదటి సెంటర్‌లో మంగళవారం బింగో, గురువారం పాత పాటలు. బింగో అంకెలు ఇంగ్లీషులో గబగబా చదివేవారు. పాటలేమో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇంగ్లీషు పాటలు. గోడ మీద రేషన్ పుస్తకాల ఫోటోలు.

పాత జ్ఞాపకాలని కదిలించడం డిమెన్షియా ఉన్నవాళ్ళకి మంచిదే. కానీ ఎవరి జ్ఞాపకాలు? మామ్మ కాకినాడ దగ్గర పెరిగింది. "మాయాబజార్" 1957లో వచ్చింది, అప్పటికి మామ్మకి పదహారేళ్ళు. ఘంటసాల పాట వినిపిస్తే ఇప్పటికీ వేళ్ళతో తాళం వేస్తుంది. అక్కడ ఆవిడ వేళ్ళు ఒళ్ళో కదలకుండా ఉండేవి.

ఇంకోటి, అక్కడ మామ్మని పేరు పెట్టి పిలిచేవారు. అదీ పూర్తి పేరు కాదు, నోరు తిరగక సగానికి కోసేసిన పేరు. మన ఇళ్ళలో ఆ వయసు మనిషిని ఎవరు పేరు పెట్టి పిలుస్తారు? మామ్మ పలికేది కాదు. పుస్తకంలో "పిలిస్తే స్పందించడం లేదు" అని రాశారు.

మూడో మాట: తెరిపి

వాన కాసేపు ఆగితే "వాన తెరిపి ఇచ్చింది" అంటారు. నాకు ఈ మాట చాలా ఇష్టం.

ఇంట్లో మామ్మ పనులన్నీ చూసేది అమ్మ. స్నానం, మందులు, రాత్రి మూడింటికి లేచి తిరిగితే వెనకాలే వెళ్ళడం, అన్నీ అమ్మే. వారానికి మూడు రోజులు ఫార్మసీలో ఉద్యోగం కూడా చేస్తుంది. మామ్మ డే సెంటర్ మానేసిన ఆరు వారాల్లో అమ్మ నాలుగు కిలోలు తగ్గింది. ఒకరోజు నాతో, "ఆ రెండు రోజులూ నాకు కాస్త తెరిపిగా ఉండేది" అంది. అమ్మ ఫిర్యాదు చేయలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

ఇంగ్లండ్‌లో కేర్ యాక్ట్ 2014 అనే చట్టం ఉంది. సాయం కావాలేమో అనిపించే ఏ పెద్దవాళ్ళ అవసరాలైనా కౌన్సిల్ ఉచితంగా అంచనా వేయాలి, వాళ్ళ దగ్గర డబ్బు ఎంత ఉన్నా సరే. అది సెక్షన్ 9. వాళ్ళని చూసుకునే మనిషికి కూడా విడిగా అంచనా వేయాలి. అది సెక్షన్ 10. అంటే చట్టం దృష్టిలో అమ్మ తెరిపి కూడా లెక్కలోకి వస్తుంది. అమ్మకి ఆ సంగతి తెలీదు. "నా సంగతి ఎవరు అడుగుతారు?" అంది. అడగాలని చట్టంలోనే ఉందని చూపించాను.

డబ్బు సంగతి వేరు. పెద్దవాళ్ళ పొదుపు 23,250 పౌండ్లు దాటితే ఖర్చు మామూలుగా వాళ్ళే పెట్టుకోవాలి. అటెండెన్స్ అలవెన్స్ మాత్రం పెన్షన్ వయసు దాటి, సాయం అవసరమైనవాళ్ళకి ఆస్తితో సంబంధం లేకుండా ఇస్తారు. మన కుటుంబాల్లో చాలామంది అడగరు. "మనకి ప్రభుత్వం డబ్బెందుకు" అంటారు. అడగండి.

నాలుగో మాట: ఆసరా

ఆసరా అంటే ఆనుకోవడానికి ఒక తోడు. తీగకి పందిరి ఆసరా. సపోర్ట్ అనే మాటకి నాకు దొరికిన మంచి తెలుగు ఇదే.

మామ్మ ఇప్పుడు వెళ్ళే సెంటర్‌ని గుజరాతీవాళ్ళు గుడి పక్క హాల్లో నడుపుతున్నారు. భవనం పాతది. లిఫ్ట్ నెలకోసారి మొరాయిస్తుంది. వ్యాన్ లేదు, నాన్నే దింపాలి. తెలుగు వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. మొదటిరోజు పప్పులో బెల్లం తగిలి మామ్మ మొహం చిట్లించింది. "ఇండియన్ సెంటర్ కాబట్టి అన్నీ సర్దుకుంటాయి" అనుకోవడం తేలికే, కానీ కాకినాడ వేరు, కచ్ వేరు.

మరి ఏది బాగుంది? ముందుగా, మామ్మ చేరకముందే అక్కడి పెద్దావిడ మా ఇంటికి వచ్చి గంటసేపు కూర్చున్నారు. మామ్మని ఏమని పిలవాలి, ఏం తింటుంది, ఏం పని చేసేది, ఏం చేస్తే కోపం వస్తుంది, అన్నీ అడిగారు. అల్జైమర్స్ సొసైటీవాళ్ళది "దిస్ ఈజ్ మీ" అనే చిన్న పత్రం ఉంది. అందులో ఇవన్నీ రాయించుకున్నారు. వాళ్ళ దగ్గర పెద్దవాళ్ళని "బా" అంటారు. "మీ భాషలో ఏమంటారు?" అని అడిగి, మొదటిరోజు నుంచే "మామ్మగారూ" అన్నారు. మామ్మ పలికింది.

తరవాత నన్ను ఒక పని అడిగారు. మామ్మ వాడే మాటలు ఒక కార్డు మీద రాసిమ్మన్నారు. పన్నెండు మాటలు రాశాను. మొదటిది దొడ్డికి. తరవాత దాహం, నొప్పి, చలి, ఇంకొంచెం, చాలు. ఈ చివరి మాటతో ఒక తమాషా జరిగింది. గుజరాతీలో "చాలు" అంటే నడుస్తోంది, సాగుతోంది అని అర్థం. కార్డు ఇవ్వకముందు మామ్మ "చాలు, చాలు" అంటుంటే వడ్డించే ఆవిడ ఇంకో గరిటె వేస్తూనే ఉందట. ఇప్పుడు అందరికీ తెలుసు. అక్కడి ఇద్దరు ముగ్గురు బాలు కూడా కడుపు నిండితే "చాలు" అంటూ నవ్వుతారు.

అక్కడ మామ్మకి ఫోర్కు ఇవ్వరు. చేతులు కడిగిస్తారు, చేత్తో తింటుంది. ఇంటి నుంచి పెరుగన్నం పంపితే వద్దనరు. బుధవారం గుడికి పూలమాలలు కడతారు. మామ్మ సూది లేకుండా దారంతో మాల కడుతుంది. నిన్న ఏం తిన్నదో గుర్తులేని మనిషి వేళ్ళకి ఆ ముడి గుర్తుంది. చేతి అలవాట్లు ఈ జబ్బులో ఎక్కువ కాలం నిలుస్తాయంటారు. ఇప్పుడు పక్కన కూర్చున్న బాలకి మామ్మే నేర్పుతోంది. దాన్ని కాలక్షేపం అనలేను. ఆసరా తీసుకునే మనిషి ఇంకొకరికి ఆసరా ఇస్తోంది.

మీ ఇంట్లో కూడా అవసరం పడితే

ఇంగ్లండ్‌లో కేర్ హోమ్‌లని కేర్ క్వాలిటీ కమిషన్ తనిఖీ చేసి రేటింగ్ ఇస్తుంది. డే సెంటర్ నడపడానికి మాత్రం మామూలుగా అక్కడ రిజిస్టర్ అవ్వక్కర్లేదు. అంటే చాలా సెంటర్లకి చూసుకోవడానికి రేటింగే ఉండదు. మనమే వెళ్ళి చూడాలి. భోజనం వేళకి వెళ్ళండి. ఈ ప్రశ్నలు అడగండి:

మా మామ్మని ఏమని పిలుస్తారు?
దొడ్డికి వెళ్ళాలని చెప్పలేకపోతే మీకెలా తెలుస్తుంది?
వ్యాన్‌లో ఎంతసేపు కూర్చోవాలి?
ఆవిడకి వచ్చిన పని ఏదైనా చేయనిస్తారా?
ఏదైనా అర్థం కాకపోతే ఎవరికి ఫోన్ చేస్తారు?

ఇప్పుడు అసలు సంగతి. మా కౌన్సిల్ డబ్బు తగ్గిస్తోంది. చిన్న సెంటర్లన్నీ మూసేసి, అందరినీ ఒకే పెద్ద సెంటర్‌కి పంపుదామని చూస్తోంది. ఆ పెద్ద భవనంలో లిఫ్ట్ బాగా పనిచేస్తుంది, వ్యాన్లు ఉంటాయి. కౌన్సిల్ కాగితాల్లో "నాణ్యత" అంటే అవే. వచ్చే నెల లోపల అభిప్రాయాలు రాసి పంపమన్నారు.

మా ఇంటి తరఫున నేను రాశాను. కేర్ యాక్ట్ మొదటి సెక్షన్‌లో మనిషి గౌరవం గురించి, వాళ్ళ ఇష్టాలు, నమ్మకాల గురించి ఉంది. దాన్ని ముందు పెట్టాను. తరవాత డాడీ, దొడ్డి కథ రాశాను. ఆ కార్డు కాపీ జత చేశాను. అమ్మ చదివి ఒక వాక్యం కలపమంది: "ఈ సెంటర్ మూసేస్తే మూతపడేది హాలు ఒక్కటే కాదు, పన్నెండు మాటలు నేర్చుకున్న ఐదుగురు మనుషులు కూడా పోతారు."

నిర్ణయం ఇంకా రాలేదు. ఈలోగా కార్డులో పదమూడో మాట చేర్చాను. మామ్మ మాల కట్టడం అయ్యాక ప్రతిసారీ అనే మాట అది. "ముడి గట్టిగా వెయ్యి."

ఈ వారం మాటలు: దొడ్డి, కాలక్షేపం, తెరిపి, ఆసరా. మీ ఇంట్లో పెద్దవాళ్ళు "దొడ్డికి" బదులు ఏమంటారో అడిగి రాసిపెట్టుకోండి. అడగడానికి కొంచెం సిగ్గుగా ఉంటుంది. అయినా అడగండి. ఎప్పుడో ఒకరోజు ఆ మాట ఇంకెవరికో మీరే నేర్పాల్సి రావచ్చు.