తన తెర ఆర్పుకున్న ల్యాప్‌టాప్



మొన్నామధ్య మూడు ఆదివారాలు వరుసగా మన మామ్మగారు ఒకరు ఆరాధనకు రాలేదు. మొదటి వారం జ్వరమేమో అనుకున్నాను. రెండో వారం కూతురి ఇంటికి వెళ్ళారేమో అనుకున్నాను. మూడో వారం నాకు మంచి ఆలోచన రాలేదు. పక్క ఊళ్ళో కొత్తగా పెట్టిన మందిరానికి పోతున్నారని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. కోపం కూడా వచ్చింది.

సోమవారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. ఎందుకు రావడం లేదని గట్టిగానే అడగాల్సి వచ్చింది, ఆవిడకు వినపడదు కాబట్టి.

"వచ్చి ఏం చెయ్యను అయ్యగారూ? పాటలప్పుడు టీవీలో అక్షరాలు చూసి పాడతాను. వాక్యమప్పుడు మీ పెదాలు కదలడమే కనపడతాది. అందరూ నవ్వితే నేనూ నవ్వుతాను, అందరూ తల వంచితే నేనూ వంచుతాను. సిగ్గేస్తోంది" అన్నారు.

అరవై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న మనిషి ఆవిడ. నేను ఆవిడ ఎదుట నిలబడి ఇన్నేళ్ళు మాట్లాడాను, ఒక్కసారైనా వినపడుతోందా అని అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఇంటర్ చదివే మన చెల్లెమ్మ ఒక ఉపాయం చెప్పింది. "అయ్యగారూ, మీరు చెబుతుంటే ముఖ్యమైన మాటలు పెద్ద అక్షరాల్లో నేను టైప్ చేస్తాను. స్తంభం పక్కన ఇంకో తెర పెడదాం" అంది. గోడ మీది టీవీలో వాక్యభాగం అలాగే ఉండాలి, స్తంభం దగ్గర తెర మీద ఆమె టైప్ చేసే మాటలు రావాలి. రెండింటి మీదా ఒకే బొమ్మ చాలనుకుంటే ఒక హెచ్‌డీఎంఐ స్ప్లిటర్‌తో పనైపోయేది. స్ప్లిటర్ ఉన్న బొమ్మనే రెండు చోట్లకు పంచుతుంది. మనకు కావలసింది రెండు వేరువేరు బొమ్మలు.

మన మందిరం ల్యాప్‌టాప్ సంగతి మీకు తెలుసు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మన బిడ్డ ఒకరు తాను వాడి ఇచ్చినది. దానికి ఒక హెచ్‌డీఎంఐ పోర్టు, ఒక వీజీఏ పోర్టు ఉన్నాయి. హెచ్‌డీఎంఐకి టీవీ పెట్టాం. వీజీఏకి పెట్టడానికి ఒక తమ్ముడు తన ఇంట్లో మూలపడ్డ పాత మానిటర్‌ను బండి మీద ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

టీవీ వెలిగింది. మానిటర్ మీద మాత్రం సిగ్నల్ లేదని వచ్చింది. మానిటర్‌ను వెలిగిస్తే టీవీ ఆరిపోయింది. కేబుల్ మార్చాం. ఊడదీసి మళ్ళీ బిగించాం. రాత్రి తొమ్మిది దాటింది. నా ఓపిక అయిపోయి, ఆ తమ్ముడితో "పాడైపోయిన సామాను దేవుని మందిరానికి తెస్తారా?" అనేశాను. అతను ఏమీ అనలేదు. కేబుల్ చుట్టి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

తర్వాత విషయం తెలిసింది. మానిటర్‌లో ఏ లోపమూ లేదు. మన ల్యాప్‌టాప్‌లో ఉన్నది 2011లో వచ్చిన ఇంటెల్ రెండో తరం ప్రాసెసర్. ఐ3 పక్కన ఉండే నాలుగంకెల నంబరు 2తో మొదలైతే ఆ తరమే. దాని గ్రాఫిక్స్ ఒకేసారి 2 తెరలకే బొమ్మ పంపగలదు. మూడు తెరలకు వీలు 2012లో వచ్చిన మూడో తరంతో మొదలైంది, అదీ పోర్టులను బట్టి. నేను లెక్కలో మరిచిపోయింది ల్యాప్‌టాప్ సొంత తెరని. అదొకటి, టీవీ ఒకటి. రెండు చోట్లూ నిండిపోయాయి. ఇక మానిటర్‌కు చోటెక్కడిది?

అంటే బయటి తెరలు రెండూ వెలగాలంటే ల్యాప్‌టాప్ తన తెరను ఆర్పుకోవాలి.

ఇక్కడే నాకు ఇబ్బంది వచ్చింది. ప్రసంగం నోట్సు అంతా నేను ఆ తెర మీదే చూసుకుంటాను. అది ఆరిపోతే నా ముందు ఏమీ ఉండదు. యూఎస్‌బీకి పెట్టే డిస్‌ప్లే అడాప్టర్ కొందామా అనుకున్నాను. మూడు తెరలూ రావచ్చు గానీ, మన దాంట్లో ఉన్నవి పాత యూఎస్‌బీ 2 పోర్టులు. బొమ్మ నెమ్మదిగా కదులుతుంది, ప్రాసెసర్ మీద భారం పడుతుంది. అయినా నిజం చెప్పాలంటే, నేను వెతుకుతున్నది నా తెర ఆరకుండా ఉండే దారి.

బాప్తిస్మమిచ్చు యోహాను గురించి మీకు ఎన్నిసార్లు బోధించానో. ఆయన తన శిష్యులకు వేరొకరిని చూపించి తాను పక్కకు తప్పుకున్నాడని చెప్పడం నాకు తేలిక. ఒక తెర ఆర్పుకోవడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

శనివారం ముందు ఆ తమ్ముడి ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. "పదండి అయ్యగారూ, మళ్ళీ చూద్దాం" అని అతనే ముందు లేచాడు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2, 3 అని పెట్టెలు కనపడ్డాయి. ల్యాప్‌టాప్ తెర నంబరు ఎంచుకుని మొదట దాన్ని డిస్‌కనెక్ట్ చేశాం. తర్వాత మానిటర్‌ను ఎంచుకుని ఎక్స్‌టెండ్ అన్నాం. రెండూ వెలిగాయి. పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినా ఏమీ చేయవద్దని పెట్టాం, లేకపోతే మూయగానే నిద్రపోతుంది. చెల్లెమ్మకు విడిగా ఒక యూఎస్‌బీ కీబోర్డు ఇచ్చాం. మీ ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఇలాగే మొరాయిస్తే ముందు ఈ వరుసలో చేసి చూడండి. కేబుళ్ళకు డబ్బులు తర్వాత పెట్టవచ్చు.

ఆదివారం నేను చిన్న కాగితం మీద నాలుగు మాటలు రాసుకుని నిలబడ్డాను. చెల్లెమ్మ చేతులు నా మాటను అందుకునేదాకా ఆగాల్సి వచ్చింది. ఆగడం వల్ల నెమ్మదిగా మాట్లాడాను. నెమ్మదిగా మాట్లాడితే చెప్పనవసరం లేనివి చాలా ఉన్నాయని తెలిసింది. యాభై నిమిషాల ప్రసంగం ముప్పైకి వచ్చింది. ఎవరూ దానికి బాధపడినట్టు లేదు!

మామ్మగారు స్తంభానికి ఆనుకుని కళ్ళజోడు సరిచేసుకుంటూ చదువుతున్నారు. ఒకచోట అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా నవ్వారు. కానీ ఆ నవ్వు ఆవిడ సొంతం.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఒకే సంగతి రెండుసార్లు చెప్పారు అయ్యగారూ, నేను చూశాను" అన్నారు. ఇన్నేళ్ళలో నా ప్రసంగానికి ఆవిడ దిద్దిన మొదటి తప్పు అది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మీ ఇంట్లో, మీ వరుసలో, అందరూ నవ్వితే నవ్వుతున్నవారు ఎవరైనా ఉన్నారేమో ఈ వారం అడిగి చూడండి. వాళ్ళ కోసం మనం ఆర్పుకోవలసిన తెర ఏదో దేవుడే మనకు చూపించును గాక. ఆమేన్.