బతికాడు సరే, మరి పని?

తలకి దెబ్బ తగిలిన మనిషి లేచి నడిస్తే చాలు, "బతికి బయటపడ్డాడు, అదే పదివేలు" అంటారు మనవాళ్ళు. నిజమే. కానీ ఆ తర్వాత ఏం పని చేసుకుని బతకాలి అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు.

మా పెదనాన్న కొడుకు తెనాలిలో ఒక హోల్‌సేల్ కొట్లో గుమాస్తాగా చేసేవాడు. రేపల్లె నుంచి బండి మీద వస్తూ పడ్డాడు, హెల్మెట్ లేదు. మూడు నెలలకి మాట బానే ఉంది, నడక బానే ఉంది, పాత బాకీలన్నీ గుర్తే. కొట్లో కూర్చున్నాక తెలిసింది అసలు సంగతి. బిల్లు రాస్తుంటే ఫోన్ మోగిందా, ఇక బిల్లు సంగతి మర్చిపోతాడు. మధ్యాహ్నానికి నీరసపడిపోతాడు. ఒకప్పుడు నెమ్మదస్తుడు, ఇప్పుడు ఎవరైనా రెండోసారి ధర అడిగితే కసురుకుంటాడు. యజమాని రెండు నెలలు ఓపిక పట్టి, "కొన్నాళ్ళు రెస్టు తీసుకోవోయ్" అన్నాడు. ఇంట్లో వాళ్ళేమో బద్ధకం అన్నారు.

మన భాషలో చెప్పాలంటే హార్డ్ డిస్క్ బానే ఉంది, ర్యామ్ తగ్గింది :-) ఈ పోలిక కూడా కొంతవరకే లెండి. తనలో మార్పు వచ్చిందన్న సంగతే ఆ మనిషికి తెలియకపోవచ్చు. అదీ ఈ గాయం లక్షణమే.

1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అనే రైల్వే మేస్త్రీ తలలోంచి ఇనప కడ్డీ దూసుకుపోయింది. మనిషి బతికాడు, పాత ఉద్యోగం మాత్రం తిరిగి ఇవ్వలేదు. మన పాఠాల్లో కథ అక్కడితో ఆగిపోతుంది. నిజానికి ఆయన తర్వాత చిలీ దేశం వెళ్ళి కొన్నేళ్ళపాటు గుర్రపు బండి తోలాడు. రోజూ అదే దారి, అదే పద్ధతి. సరిపోయే పని దొరికితే మనిషి నిలబడతాడనడానికి ఇంతకంటే ఏం కావాలి?

1980లలో వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీలో పాల్ వేమన్ బృందం ఇలాంటివాళ్ళ కోసం ఒక పద్ధతి నడిపింది. ముందు శిక్షణ, తర్వాత ఉద్యోగం అనకుండా, ముందే ఉద్యోగంలో పెట్టి అక్కడే నేర్పించడం. పక్కన ఒక కోచ్ ఉంటాడు, మెల్లమెల్లగా తప్పుకుంటాడు.

మన దగ్గర ఏమీ లేదని కాదు. హైదరాబాదులో వికలాంగుల కోసం వృత్తి పునరావాస కేంద్రం 1968లోనే వచ్చింది. 1992 నాటి రీహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం వృత్తి సలహాదారుల్ని గుర్తించింది. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి గానీ మెదడు గాయం అని విడిగా పేరు లేదు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదన్న 20వ సెక్షన్ ప్రభుత్వ ఉద్యోగులకే. కొట్లో గుమాస్తాకి అది వర్తించదు.

అందుకే నాకు అనిపించేది, తెనాలి, బాపట్ల, రేపల్లె లాంటి ఊళ్ళకి కావలసింది పెద్ద భవనం కాదు, తర్ఫీదు పొందిన ఒక్కో మనిషి. ఫిజియోథెరపిస్టో, ఐటీఐ మాస్టారో, ఉపాధి కార్యాలయం ఉద్యోగో, ఎవరైనా సరే. నేర్పాల్సినవి ఇవి: అలసటకీ బద్ధకానికీ తేడా తెలియడం. గంటసేపు ఇంటర్వ్యూ చేసి తేల్చెయ్యకుండా, కొట్లోనో మిల్లులోనో కూర్చుని పనిని ముక్కలుగా విడగొట్టి చూడటం. చిట్టా రాసుకోవడం, ఫోన్‌లో అలారం పెట్టుకోవడం అలవాటు చెయ్యడం. అన్నిటికన్నా కష్టమైనది, యజమానికీ ఇంట్లోవాళ్ళకీ విషయం విడమరిచి చెప్పడం.

మావాడి విషయంలో బాపట్లలో ఒక ఫిజియోథెరపిస్టు తనంతట తానే ఈ పని చేశాడు. ఇప్పుడు ఒక గోడౌన్‌లో పొద్దున పూట మాత్రమే సరుకు లెక్క చూస్తున్నాడు. ఒకసారికి ఒకే లెక్క, పక్కన ఫోన్ ఉండదు. జీతం సగమే, కానీ ఏడాదిగా మానలేదు. అది అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుని ఎంతమందిని వదిలేస్తాం?

మనం టీముల్లో కొత్తగా చేరిన ఫ్రెషర్‌కి ఆరు నెలలు మెంటర్‌ని ఇస్తాం. యాక్సిడెంటై తిరిగొచ్చినవాడికి మాత్రం సోమవారం నుంచే పూర్తి టార్గెట్ ఇస్తాం. ఈసారి మీ టీముకి అలాంటివాళ్ళెవరైనా తిరిగొస్తే, "ఎలా ఉన్నావ్?" అని అడిగి ఊరుకోకండి. "ఏ టైములో పని బాగా సాగుతోంది? ఎక్కడ తడబడుతున్నావ్?" అని అడిగి చూడండి.