తాత రాయి, అవ్వ బూడిద

నేను మొదట చదివిన తెలుగు బడిలో కాదు, తాత సమాధి రాయి మీద. కన్నడ మీడియం పిల్లోణ్ణి. తలకట్టు తేడా ఉన్నా అక్షరాలు దగ్గరివే కదా, వేలు పెట్టి కూడబలుక్కుంటూ పేరు చదివేస్తే అవ్వ మురిసిపోయింది. సర్జాపుర వైపు మా పొలం గట్టున, కానుగ చెట్టు కింద ఉండేది ఆ రాయి.

మా ఇళ్ళల్లో అప్పుడు పూడ్చేదే ఎక్కువ. పెట్టె లేదు, సిమెంటు లేదు. నూలు గుడ్డ చుట్టి, దక్షిణానికి తల పెట్టి, తలా మూడు పిడికిళ్ళ మన్ను వేసేవాళ్ళు. ఇప్పుడు అమెరికాలో, ఇంగ్లండులో ‘గ్రీన్ బరియల్’ అని డబ్బు కట్టి చేయించుకునేది దాదాపు ఇదే. తాతకు ఆ పేరు తెలియదు, అంతే.

కానీ దానికి సొంత మన్ను ఉండాల. 2006లో పొలం అమ్మేసినాం. అక్క పెళ్ళి, నా ఇంజినీరింగు ఫీజు, ఇంకా ఏవేవో అప్పులు. చదును చేసే మిషను రాకముందే నాయన ఆ రాయొక్కటి పెకలించి ఆటోలో ఇంటికి తెచ్చినాడు. తాత అక్కడే, ఎవరిదో సైటు కింద ఉండిపోయినాడు. అవ్వ ఆ రాయిని చూసి ఏడవలేదు. “మరి నన్ను ఎక్కడ పెడతావురా?” అని మాత్రం అడిగింది. నాయన జవాబు చెప్పలేదు.

2018లో అవ్వ పోయింది. “ఆ మిషన్లోకి తొయ్యొద్దురా” అని ఎన్నోసార్లు చెప్పిన మనిషిని విల్సన్ గార్డెన్ విద్యుత్ చితాగారానికే తీసుకుపోయినాం. కట్టెల చితి పేర్చాలంటే 400, 500 కిలోల కట్టె కావాల. నాయన ఆ లెక్క చెప్పి బంధువులను ఒప్పించినాడు. లెక్క సరైనదే. గుండె మీద కర్పూరం వెలిగించగానే తట్ట లోపలికి జారింది, తలుపు దిగింది. నిమిషం కూడా పట్టలేదు. ఆ తర్వాత కూడా నాయన చేతులు అట్లే ముందుకు చాపి ఉన్నాయి. చితి చుట్టూ తిరిగేది, కాలేదాకా నిలబడేది ఏమీ లేక, మేమంతా బయట బెంచీ మీద కూర్చుని ఫోన్లు చూసుకున్నాం.

కరెంటు అంటే శుద్ధమైనదనీ కాదు, రాయచూరులో బొగ్గు కాలుతూనే ఉంది. అయినా కట్టె కంటే మేలు అనే నేనంటాను.

మరుసటి రోజు కుండతో శ్రీరంగపట్నం, పశ్చిమవాహిని. మెట్ల పక్కన తడిబట్టలు, ప్లాస్టిక్ కవర్లు, వాడిపోయిన దండలు. మేమూ ఒక కవరు వదిలే వచ్చినాం, అబద్ధం ఎందుకు. చాలా రోజుల తర్వాత తట్టింది నాకు: ఆ నీళ్ళే కిందికి పోయి, శివసముద్రం దగ్గర మళ్ళి, తొరెకాడనహళ్ళి పంపులెక్కి, దాదాపు 100 కిలోమీటర్లు దాటి మన కొళాయిలోకి వస్తాయి. మనం వాళ్ళను ఎక్కడికో పంపలేదు.

ఈమధ్య నాయన తన సంగతి ఎత్తినాడు. ఎక్కడో చదివినాడంట, డెస్మండ్ టూటూ 2021లో పోతే నిప్పుతో కాక క్షారం కలిపిన నీళ్ళతో దేహాన్ని కరిగించినారని. వాషింగ్టన్ రాష్ట్రంలో 2019లోనే మనిషిని ఎరువు చెయ్యడానికి చట్టం చేసినారని నేను చెప్తే, “అది మన పొలంలో ఊరికే అయ్యేది కదరా” అని నవ్వినాడు. బెంగళూరులో మనకు అందేది కట్టె, గ్యాసు, కరెంటు. మెడికల్ కాలేజీకి దేహదానం కూడా ఉంది గానీ, దాని మాటెత్తితే ఇంకా మౌనమే.

చివరికి నాయన అడిగింది ఇది: కరెంటే చాలు, నదికి మాత్రం వద్దు. బూడిదను ఇంటి వెనక తాత రాయి దగ్గర గుంటలో కలిపి కానుగ మొక్క నాటాల. ఎముకల బూడిదలో క్షారం, ఉప్పు ఎక్కువ, నేరుగా వేస్తే లేత వేరు మాడిపోతుంది. గంపలకొద్దీ మన్ను, పేడ ఎరువు కలపాల. ఇవన్నీ నేను రాసి పెట్టుకున్నాను.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. “నీళ్ళల్లో కలపకుంటే ఆయనకు దారెట్లారా? రేపు ఈ ఇల్లు కూడా మీరు అమ్మరని ఏం నమ్మకం?”

మొదటి ప్రశ్నకు పురోహితుణ్ణి అడిగి చెప్తానన్నాను. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు.