రేకు మీద పూత

పీహెచ్‌డీలో నా పని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మీద. బ్యాటరీకి అది పనికొస్తుందని 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో గుడ్‌ఇనఫ్ బృందం చూపించింది. ఇనుము చవక. పైగా వేడెక్కినా ఈ పదార్థం ఆక్సిజన్‌ను తేలిగ్గా వదలదు కాబట్టి భద్రం. చిక్కల్లా కరెంటును సరిగా పారనివ్వకపోవడమే. అందుకే రేణువులను నానో సైజుకు తెచ్చి, పైన కార్బన్ పూస్తారు. లెక్క ప్రకారం గ్రాముకు 170 మిల్లీ ఆంపియర్ అవర్లు రావాలి. నా పొడి 160 దాటింది. పేపర్ అచ్చయింది. అది చూసే ఒక బ్యాటరీ కంపెనీ ఉద్యోగమిచ్చింది.

ఆ 160 ఎలా వచ్చిందో చెప్పాలి. అల్యూమినియం రేకు మీద చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాములు మించకుండా పూసేవాణ్ణి. అందులో ఐదో వంతు కార్బనే. అంత పలచని పూతలో లిథియం అయాన్లు ఎంతో దూరం పోనక్కర్లేదు, నాసిరకం పొడి కూడా బాగానే కనబడుతుంది. మందంగా పూసిన సెల్స్‌లో అంకె పడిపోవడం నేను చూశాను. చూసీ వాటిని పక్కన పెట్టాను. పూత బరువు నా నోట్‌బుక్‌లో ఉంది, పేపర్లో లేదు. తెలియక చేశానని అనలేను.

కంపెనీలో పూత ఐదారు రెట్లు మందం. కార్బన్ మూడు నాలుగు శాతం దాటనివ్వరు. అది చార్జ్ దాచుకోదు, చోటు మాత్రం తినేస్తుంది. నానో పొడి కావడంతో, పూయడానికి కలిపే స్లర్రీకి సాల్వెంట్ ఎక్కువ పట్టింది. ఓవెన్ దాటి వచ్చిన రేకును వేలికి చుడితే పూత పొలుసులుగా రాలిపోయింది. సాల్వెంట్ గబగబా ఆవిరవుతూ, పొడిని రేకుకు అంటించే బైండర్‌ను కూడా పైకి లాక్కుపోయింది. రేకును పట్టుకోవలసిన అడుగున అది మిగల్లేదు.

"సార్, ఓవెన్ మొదటి జోన్‌లో వేడి తగ్గిద్దాం, స్పీడూ తగ్గిద్దాం" అన్నారు లైన్ ఆపరేటర్. డ్రైయింగ్ నేను బీటెక్‌లో చదివిన పాఠమే, అయినా ఆ మాట ఆయన నోటినుంచే రావలసివచ్చింది. పూత నిలిచింది. అంకె మాత్రం 160 దరిదాపులకు రాలేదు. చివరికి ఆ పొడిని స్ప్రే డ్రై చేసి, మైక్రాన్ల సైజు గుండ్రటి ముద్దలుగా మార్చుకుంటే గానీ పని సాగలేదు.

నా పేపర్ నమ్మి అదే పొడి చేయబోయినవాళ్ల కాలానికి నేనే బాధ్యుణ్ణి. పరిశోధక విద్యార్థులను అడుగుతున్నాను: గ్రాముకు ఎంత వచ్చిందో రాసిన చోటే పూత బరువూ రాయండి. మందపు పూతలో పడిపోయిన గ్రాఫును దాచకండి. ఫ్యాక్టరీలో ముందు వెతికేది దాన్నే.