ఆపదకు ముందటి సాధన

2025వ సంవత్సరము ఆగస్టు నెలాఖరున కామారెడ్డి జిల్లాలో కుంభవృష్టి కురిసెను. రాజంపేట మండలమందలి ఆర్గొండలో ఒక్క దినముననే 40 సెంటీమీటర్లకు మించిన వాన పడెను. వాగులు పొంగెను; దారులు తెగెను. విపత్తు సహాయ దళములవారు జిల్లాకు వచ్చి, నీటిలో చిక్కినవారిని సురక్షిత స్థలములకు చేర్చిరి. త్రాడు ఎవరు పట్టవలెను, ముందుగా ఎవరిని దాటింపవలెను అను సంగతులు వరదలో నేర్చుకొనునవి కావు. ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వరాదు గదా!

దేశముల విషయమునను ఇదియే నీతి. 2004 డిసెంబరు 26న సునామీ మన తీరమును, శ్రీలంకను, ఇండొనేషియాను ముంచినపుడు పలు దేశముల నౌకలు సహాయమునకు కదలెను. మన తీరము దెబ్బతినియున్నను, మన నౌకాదళము పొరుగువారికిని చేయూత నిచ్చెను. అయితే భాషలు, ఆజ్ఞలు, పద్ధతులు వేరైన సైనికులు ఒక్కటిగా పనిచేయుట సులభము కాదు. దానికి ముందుగా సాధన కావలెను.

అందులకే 2019 నవంబరులో విశాఖపట్టణ, కాకినాడలయందు భారత, అమెరికా దేశముల త్రివిధ దళములు తొలిసారి కలిసి 'టైగర్ ట్రయంఫ్' అను విన్యాసమును జరిపెను. విపత్తునందు ప్రజలను ఆదుకొనుటయే దాని ముఖ్యాంశము. ఓడలనుండి తీరమునకు సామగ్రిని దింపుట, సహాయ శిబిరమును నెలకొల్పుట అందు అభ్యసించిరి.

శాంతి రక్షణకును ఇట్టి ఐకమత్యమే ఆధారము. ఐక్యరాజ్యసమితి పక్షమున పలు దేశముల సైనికులు నీలి టోపీ ధరించి, కలహములు చెలరేగిన చోట నిలుతురు. 1961లో కాంగో దేశమున అట్టి సేవయందే కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా అసువులు బాసి, పరమవీరచక్రమున కర్హుడయ్యెను. 2007లో మన దేశము లైబీరియాకు పంపిన మహిళా పోలీసు దళము శాంతిసేనలో అట్టివానిలో మొట్టమొదటిది.

పరదేశ సేనలతో కలిసిన మన స్వాతంత్ర్యమునకు హాని కలుగదా యని కొందరు సంశయింతురు. ఆ సంశయము మంచిదే. ఎవరితో, ఎంతవరకు కలియవలెనో మనమే నిర్ణయించుకొనవలెను. పొరుగువానితో కలిసి చెరువు కట్టను కాచిన రైతు తన పొలమును వానికి వ్రాసియిచ్చునా?

బాలలారా! వాన వచ్చునపుడు ఊరి పొలిమేరను చూడదు. ఆపద దేశపు సరిహద్దును చూడదు. ఆపదలో చేతులు కలుపదలచినవారు ఎండ కాయుచుండగనే చేతులు కలిపి సాధన చేయవలెను.