ఎముక వేరు, కీలు వేరు

అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవాళ్ళు తలయేరు గుండు దగ్గర ఆగి, మోకాళ్ళ నొప్పులు రాకూడదని ఆ బండకు మోకాళ్ళు ఆనిస్తారు. ముందున్నవి సుమారు 3,550 మెట్లు. అవి ఎక్కి వచ్చినవాళ్ళూ, ఎక్కాలని మొక్కుకున్నవాళ్ళూ నా దగ్గరికి వస్తుంటారు. ఈమధ్య చాలామంది అడిగేది ఒకటే: "సార్, ఏ పెప్టైడ్ మంచిది?"

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు. అది ఒక మందు పేరు కాదు. ఆ ఒక్క మాట వెనక ఎన్ని తేడాలున్నాయో ముగ్గురు రోగుల కథ చెబితే తెలుస్తుంది.

చంద్రగిరి వైపు పల్లె నుంచి వచ్చిన అవ్వకు డెబ్బై దాటాయి. బిందె ఎత్తబోతే నడుము పట్టేసిందట. "నూనె రాసినా వదల్లేదు సామీ" అంది. ఎక్స్‌రే తీస్తే రెండు వెన్నుపూసలు కుంగి ఉన్నాయి. ఎముకలు గుల్లబారాయి. ఆమెకు టెరిపారటైడ్ రాశాను. అది మన పారాథైరాయిడ్ హార్మోనులోని మొదటి 34 అమైనో ఆమ్లాల ముక్క. ఆ హార్మోను ఒంట్లో ఎడతెగకుండా ఎక్కువగా ఉంటే ఎముకను కరిగిస్తుంది. రోజుకొక్కసారి, కొద్దిసేపు మాత్రమే అందితే అదే ఎముకను కడుతుంది. 1,637 మంది స్త్రీలపై జరిపి 2001లో ప్రచురించిన పరిశోధనలో, రోజుకు 20 మైక్రోగ్రాములు తీసుకున్నవాళ్ళకు వెన్నుపూసలు కొత్తగా విరగడం 65 శాతం తగ్గింది. మనవరాలు రోజూ అవ్వ పొట్ట మీద సూది వేసేది.

అయితే కట్టడానికి సరుకు కావాలి. అలిపిరి రోడ్డులోని స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో మనవాళ్ళ తిండిలో కాల్షియం తక్కువని, విటమిన్ డి లోపం ఎక్కువని తేలింది. అవ్వకూ అంతే. ముందు ఆ రెండూ సరిచేశాను. బియ్యం వచ్చాక రాగి సంగటి మానేశామంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని చెప్పి మళ్ళీ మొదలుపెట్టించాను.

రెండో మనిషి రిటైరైన మాస్టారు. ఆయనది మోకాలి కీలు అరుగుదల. ఎముక సాంద్రత బాగానే ఉంది. ఏడాదిగా కొలాజెన్ పెప్టైడ్ పొడి తాగుతున్నారు. ఆ పొడి చాలావరకు కడుపులోనే విడిపోతుంది. కొందరికి నొప్పి కొంత తగ్గినట్టు చిన్న పరిశోధనలున్నాయి గానీ, అరిగిన మృదులాస్థి తిరిగి పెరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు. అవ్వకిచ్చిన సూది ఆయనకు పనికిరాదు. తొడ కండరాలకు కసరత్తు, బరువు తగ్గడం, ఈ రెండే నేను చెప్పింది. ఆరు నెలలకు మేడ మెట్లు దేన్నీ పట్టుకోకుండా ఎక్కుతున్నారు.

మూడోవాడు కబడ్డీ ఆడే కుర్రాడు. మోకాలు బెణికిందని ఆన్‌లైన్‌లో బీపీసీ-157 సీసా తెప్పించుకుని తనే పొడుచుకున్నాడు. సీసా మీద 'పరిశోధనకు మాత్రమే' అని ఉంది. దాని మీద జరిగిన పని ఎక్కువభాగం జంతువులపైనే. క్రీడల్లో దాన్ని 2022 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించింది. ఎంఆర్‌ఐ తీయిస్తే లిగమెంటు తెగి ఉంది. సీసా మీద పెట్టుకున్న ఆశతో మూడు నెలలు పోయాయి. ఆ కాలం తిరిగి ఇవ్వలేనందుకు నాకు నిజంగా బాధేసింది.

నా తొలి రోజుల్లో ఒకామెకు టెరిపారటైడ్ పూర్తయ్యాక ఇంటికి పంపేశాను. తర్వాతి మందు గురించి గట్టిగా చెప్పలేదు. కట్టిన ఎముక మెల్లగా కరిగి, మరో పూస కుంగింది. ఆ తప్పు నాదే.

అందుకే అవ్వకు రెండేళ్ళు నిండిన రోజున, "ఇంక సూది లేదు కదా సామీ?" అని ఆమె నవ్వుతుంటే పక్కన కూర్చోబెట్టుకున్నాను. "రోజూ వద్దవ్వా. ఏడాదికొకసారి జోలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కిస్తాం. కట్టింది నిలబడాలి గదా" అన్నాను. వచ్చే ఏడాది తేదీని మనవరాలి ఫోనులో అక్కడే పెట్టించాను.