ఖలీ కార్డు వాపస్ ఇద్దామని ఆదిలాబాద్ పోయిన

అమ్మ బీరువా సర్దుతుంటే నా పాత సోషల్ పుస్తకంలోంచి ఓ కార్డు జారి పడింది. ది గ్రేట్ ఖలీ! అంచులు నలిగినా ఎత్తు, బరువు, ఛాతీ అంకెలు ఇంకా కనిపిస్తున్నాయి. అది నాది కాదు. పద్దెనిమిదేళ్ళ కింద నేను కొట్టేసింది.

2000ల్లో బడికి పోయినవాళ్ళకు డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డుల గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం: కార్డులు చెరిసగం పంచుకోవాలి. పై కార్డు చూసి 'బరువు' అనో 'బైసెప్స్' అనో అనాలి. ఎవరి అంకె పెద్దదైతే రెండు కార్డులూ వాళ్ళవే. బిగ్ షో వస్తే పండగ. రే మిస్టీరియో వస్తే ఎత్తు మాట ఎత్తొద్దు.

మాది కరీంనగర్‌లో మంకమ్మతోట. మా ఆటకు ఓ క్యాలెండర్ ఉండేది. జూన్‌లో బడి తెరవంగనే మొదలు. వానాకాలమంతా అరుగుల మీద. బతుకమ్మ సెలవుల్లో ఆడవాళ్ళు పూలు పేరుస్తుంటే మేం పక్కనే కార్డులు పేర్చేవాళ్ళం. సంక్రాంతికి పతంగులొచ్చి కార్డులు అటకెక్కేవి. ఒంటిపూట బడులు పెట్టగానే మళ్ళీ దిగేవి.

2006లో ఖలీ డబ్ల్యూడబ్ల్యూఈలోకి వచ్చిండు. మనోడు, పైగా అందరికన్నా పొడుగు! మా గల్లీలో ఆ కార్డు ఒక్క దోస్తు దగ్గరే ఉండేది. వాళ్ళ మేనమామ హైదరాబాద్ నుంచి తెచ్చిన ప్యాకెట్లోది. 2007 ఎండాకాలంలో వాళ్ళ నాన్నకు ఆదిలాబాద్ ట్రాన్స్‌ఫర్ అయింది. ఆఖరి ఆటలో ఖలీని తొడ కింద దాచిన. వాడు పొద్దుగూకేదాకా అరుగు కింద, మోరీ పక్కన వెతికిండు. నేనూ వెతికినట్టు చేసిన.

అందుకే ఈ డిసెంబర్‌లో బస్సెక్కిన. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్. అక్కడ 44వ నంబర్ హైవే పట్టుకుని, సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్. మా చిన్నప్పుడు ఇదీ ఆదిలాబాద్ జిల్లానే. 2016లో వేరే జిల్లా అయింది.

నిర్మల్‌లో దిగి బొమ్మల దుకాణంలోకి పోయిన. పొనికి కర్రతో చేసిన పండ్లు, పిట్టలు. ఈ ఊరి నకాషీ కళాకారులు ఒకప్పుడు గంజీఫా అనే పేకముక్కలు కూడా చేసేవారు. గుండ్రంగా ఉండి, చేత్తో రంగులేసిన ముక్కలు. దశావతార గంజీఫాలో పది అవతారాలు, ఒక్కోదానికి పన్నెండు ముక్కలు, మొత్తం 120. రాజు, మంత్రి, తర్వాత ఒకటి నుంచి పది. అందులో ఒక్కటి పోయినా కట్టంతా ఆటకు పనికిరాదు. నా జేబులో ఖలీ ఇంకాస్త బరువైండు.

మహబూబ్ ఘాట్ మలుపులు, టేకు చెట్లు, ఇచ్చోడ, గుడిహత్నూర్... ఆదిలాబాద్‌లో దిగేసరికి పళ్ళు టకటకలాడే చలి. దోస్తు మఫ్లర్ కట్టుకుని బస్టాండ్‌లో నిలబడ్డడు.

ఇంట్లో చాయ్ తాగుతూ కార్డు ముందు పెట్టిన. "అప్పుడు నేనే దాచిన్రా."

అటూ ఇటూ తిప్పి చూసిండు. "గీ కార్డు సంగతి నాకు యాదికే లేదురా. మా సామాను లారీ ఎక్కిచ్చేటప్పుడు గల్లీలోళ్ళంతా వచ్చిన్రు. నువ్వొక్కనివే రాలే. గది మాత్రం యాదికుంది. నేనేమన్న అన్ననా అని శాన రోజులు ఆలోచించిన."

"ఏ మొఖం పెట్టుకుని రావాల్రా? దీనికోసమే రాలే."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. అప్పుడే మూడో తరగతి చదివే వాళ్ళక్క కొడుకు పోకెమాన్ కార్డులు పట్టుకుని వచ్చిండు. ఖలీని చూసి, "మామా, దీనికి హెచ్‌పీ ఎంత?" అన్నడు.

"హెచ్‌పీ లేదురా, ఎత్తు ఉంది," అని దోస్తు చాప పరిచిండు. పోకెమాన్ కార్డు మీద కూడా సన్నగా ఎత్తు, బరువు రాసుంటాయని అప్పుడే చూసిన. పికాచు అడుగున్నర కూడా లేదు. మొదటి ఆట ఖలీదే.

రాత్రి తిరుగు బస్సు కదిలేదాకా దోస్తు బస్టాండ్‌లనే నిలబడ్డడు.